దగ్గు దాచిన ఏడు వారాలు

దగ్గు వస్తే దగ్గాలి. దాచకూడదు. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి, ఇరవై రెండేళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న నాకు ఏడు వారాలు పట్టింది. నా తరగతిలో ఎవరైనా ఇంత నెమ్మదిగా నేర్చుకుంటే వాళ్ళమ్మను బడికి పిలిపించేదాన్ని.

ఇప్పుడు బాగున్నాను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటివి చదివేటప్పుడు నేను మొదట చివరి పేజీ తిప్పి, మనిషి బతికిందో లేదో చూసుకుని, ఆ తరవాతే మొదటికి వస్తాను. బతికాను. జగ్గయ్యపేటలో మా మేడ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కుతున్నాను. నందిగామ దగ్గరి మా హైస్కూల్లో వెనక బెంచీ దాకా వినపడేలా పాఠం చెబుతున్నాను. రొమ్ము కాన్సర్ గురించి చాలామంది రాశారు, దానికి నేను కలిపేది పెద్దగా లేదు. నేను రాస్తున్నది దాని తరవాత వచ్చినదాని గురించి. అంతా అయిపోయిందనుకుని, ఊరందరికీ భోజనాలు కూడా పెట్టేశాక వచ్చినదాని గురించి.

ఏప్రిల్, మే

గడ్డ సంగతి బయటపడింది ఏప్రిల్లో, బడి చివరి రోజుల్లో. మా ఆయన జోజిబాబు ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలు నింపే ప్యాకింగ్ సెక్షన్లో సూపర్‌వైజరు. మాటలు తక్కువ మనిషి. ఆయనకు రావలసిన మాటలు కూడా కలిపి దేవుడు వాళ్ళక్కకు ఇచ్చాడు. ఆవిడే మా వదిన మరియమ్మ, ఉండేది జి.కొండూరు.

"ఎవరికీ చెప్పమాక వదినా. ఆపరేషన్ అయ్యాక నేనే చెప్తా" అని బతిమాలాను.

"నేనెందుకు చెప్తానే? నా నోట్లోంచి మాట బయటికి రాదు" అంది.

రాలేదు, ఫోన్లోంచి వచ్చింది. ఆవిడ నలుగురికి చెప్పింది. ఆ నలుగురూ తలా నలుగురికి చెప్పారు. ఆపరేషన్ బాగా జరిగి నేను ఇంటికి వచ్చి, "బాగున్నాను, ఎవరూ రానక్కర్లేదు" అని స్వయంగా ఫోన్లు చేసినా జనం ఆగలేదు. బ్రెడ్డు, ఆపిల్సు పట్టుకుని వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఏడవడం, వాళ్ళను చూసి పక్కింటివాళ్ళు రావడం. పదిహేను రోజుల తరవాత తెనాలి నుంచి మా పిన్ని దిగింది. తలుపు తీసిన నన్ను చూసి కెవ్వున అరిచి, చేతిలోది కింద పడేసింది. అది పూలచక్రం.

"పోయావన్నారే!"

"ఎవరన్నారు పిన్నీ?"

"ఎవరో ఏంటి, అందరూ అంటున్నారు!"

ఆ పూలచక్రాన్ని ఏం చేయాలో తోచక మా ఆయన తీసుకెళ్ళి మా అత్తగారి సమాధి మీద పెట్టి వచ్చాడు. ఆ రోజంతా నవ్వుకున్నాం. కానీ ఆ పదిహేను రోజుల్లో నన్ను నీరసపెట్టింది ఆపరేషన్ కాదు, చుట్టాలే. కబురు అబద్ధమని తేలాక కూడా కబురు ఆగదని నాకు అప్పుడే తెలిసింది.

నవంబరు, డిసెంబరు

ఎండల్లో ఆపరేషన్, వానల్లో కీమో. జుట్టు పోయింది, మళ్ళీ మొలిచింది. నవంబరులో విజయవాడలో రేడియేషన్ మొదలుపెట్టారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. పొద్దున్నే ఆరున్నర బస్సెక్కితే నందిగామలో సగం బస్సు దిగేది, కంచికచర్లలో నాకు కిటికీ పక్క సీటు దొరికేది.

కుడివైపు ఛాతీ మీద చిన్న చుక్కలు పెట్టారు, మిషను గురి తప్పకుండా. చేతులు తల పైకెత్తి పడుకోమంటారు. అందరూ బయటికి వెళ్ళిపోతారు. తలుపు మూసుకుంటుంది. ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు. వేడి లేదు, నొప్పి లేదు, ఏమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. సూది గుచ్చితే గుచ్చారని తెలుస్తుంది, ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. మొదటి వారం ఆ బల్ల మీద కీర్తనలు చదువుకున్నాను. రెండో వారం నుంచి ఇంట్లో మినప్పప్పు నానబోశానా లేదా అని ఆలోచించాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

బయట కూర్చునే హాలు మాత్రం మరిచిపోలేను. అక్కడ ఎవరినీ పేరుతో పిలవరు. "నీకెన్నయ్యాయి?" "పదకొండు. మీకు?" "ఇరవై." ఇరవై అంటే సీనియరు, ఆమెకు గౌరవం. టిఫిను డబ్బాలు విప్పుకుంటారు, ఒకరి పచ్చడి ఒకరికి పెడతారు. మామూలుగా మనం ఎక్కడినుంచి లేచినా "వెళ్ళొస్తా" అంటాం కదా, అక్కడ ఆ మాట అనరు. "వెళ్తున్నా" అని మాత్రమే అని లేస్తారు.

మధిర నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, గొంతుకు రేడియేషన్. అందరం తాత అనేవాళ్ళం. నేను వచ్చేసరికి ఫ్యాను కింద కుర్చీలో తన తువ్వాలు పరిచి ఉంచేవాడు నా కోసం. గొంతు పుండై నీళ్ళు మింగడమే కష్టంగా ఉన్న మనిషి, నా కుర్చీ సంగతి గుర్తు పెట్టుకునేవాడు. చివరి వారంలో ఒకరోజు డాక్టరు గదిలోంచి వచ్చి, తన ఫైలు నా ముందు పెట్టాడు.

"టీచరమ్మా, గిది జర రాసియ్యి. మిషన్ ఆపినా లోపల దాని పని ఆగదంట. రెండు మూడు నెల్లదాక ఏమొచ్చినా వచ్చి చెప్పమన్నరు. దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా. నాకు యాదుండదు బిడ్డా."

నేను ఫైలు అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. దగ్గు, ఆయాసం, సాయంత్రం జ్వరం. వెంటనే రావాలి. "వెంటనే" కింద గీత కూడా గీశాను. అవే జాగ్రత్తలున్న కాగితం ఆసుపత్రివాళ్ళు నాకూ ఇచ్చారు, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. టీచర్లకు ఇదొక జబ్బు. ఏది రాసినా ఎదుటివాళ్ళ కోసమే రాస్తున్నామనుకుంటాం.

జనవరి

మా సంఘం గుడిలో, అంటే చర్చిలో, ఆదివారం ప్రసంగానికి ముందు, మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. ఒకరికి ఉద్యోగం వచ్చిందని, ఒకరి బిడ్డ లారీ కింద పడబోయి తప్పించుకుందని. అందరూ "స్తోత్రం" అంటారు. నేను ఎన్నో విన్నాను గానీ ఎప్పుడూ నిలబడలేదు.

పాస్టరుగారి భార్య కృపమ్మగారు అడిగారు. ఆమెను అందరం అమ్మగారు అంటాం. నా కీమో రోజుల్లో ప్రతి శుక్రవారం వచ్చి, ప్రార్థన చేసి ఊరుకోకుండా, నాకు వాంతులవుతుంటే గిన్నె పట్టుకున్న మనిషి ఆమె. గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్ళేవారు.

"టీచర్ గారూ, మీరు చదువుకున్నవాళ్ళు. మీ నోటితో చెప్తే నలుగురికీ ధైర్యంగా ఉంటదండి."

జనవరి మొదటి ఆదివారం నిలబడ్డాను. మాట్లాడడం నా వృత్తి కదా, గొంతు బాగా సాగింది. జనం కళ్ళు తుడుచుకుంటుంటే ఇంకా సాగింది. చివర్లో, "ఇప్పుడు నా ఒంట్లో ఏ రోగమూ లేదు. దేవుడు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు" అన్నాను. ప్రయోగంలో కనపడనిది ఫలితంలో రాశారని పిల్లలకు మార్కులు కోసే నేను ఆ మాట అన్నాను. ఏ డాక్టరూ నాతో అలా అనలేదు. ఆ మధ్యాహ్నం కృతజ్ఞత కూడిక పెట్టి సంఘమంతటికీ కోడి బిర్యానీ వడ్డించాం.

జనవరి నెలాఖరున దగ్గు మొదలైంది.

ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య దాకా

పొడి దగ్గు. ముందు బోర్డు చెరిపినప్పుడు వచ్చేది. తరవాత బోర్డు చెరపకపోయినా వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జగ్గయ్యపేటలో దగ్గితే ఎవరూ తలెత్తి చూడరు. చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు లారీలు. "దుమ్ము దగ్గులే" అంటారు, అంతటితో అయిపోతుంది. మా వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు కూడా అదే అని ఒక సిరప్పు, ఐదు రోజుల మాత్రలు ఇచ్చాడు. తగ్గలేదు. ఇంకో రంగు మాత్రలు ఇచ్చాడు.

నేను దగ్గును దాచడం మొదలుపెట్టాను. బుగ్గన లవంగం పెట్టుకునేదాన్ని. బాత్రూములో కుళాయి తిప్పి దగ్గేదాన్ని. బడిలో "ఇవాళ పాఠం మీరే చదవండి, ఉచ్చారణ చూస్తా" అని పిల్లలతో చదివించేదాన్ని. మేడ మెట్లెక్కుతూ సగంలో ఆగి, ఫోను తీసి ఏదో చూస్తున్నట్టు నటించేదాన్ని. ఎందుకింత తిప్పలు అంటే, సంపూర్ణ స్వస్థత అని బిర్యానీ పెట్టి చెప్పినదాన్ని నెల తిరక్కుండా దగ్గుతూ గుళ్ళో ఎలా కూర్చోను? నా మొహం కన్నా దేవుడి మొహం చిన్నబోతుందని భయపడ్డాను. నిజం చెప్పాలంటే రెండూ ఒకటేననుకున్నాను.

ఒక ఆదివారం అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "మీ సాక్ష్యం విన్నాక ముగ్గురు కొత్తవాళ్ళు ప్రార్థనకొస్తున్నారండి" అన్నారు. ఆ పూట ఆరాధనంతా దగ్గు మింగుతూ కూర్చున్నాను. ఛాతీ పట్టేసి, చివరి పాటకు లేచి నిలబడలేకపోయాను. కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను.

ఇంతవరకూ చేసింది నాకు నేను చేసుకున్నది. ఇప్పుడు చెప్పేది మా ఆయనకు చేసింది.

ఆయన డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బట్టల నిండా సిమెంటు ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అంతే, దులుపుకుని లోపలికి వస్తాడు. నా దగ్గు విన్నాక ఒకరోజు గుమ్మం బయటే ఆగిపోయాడు.

"నా దుమ్మేనేమో సుగుణా" అన్నాడు. "ఆపరేషనైన ఒళ్ళు. నేను తెస్తున్నదే నీకు పడట్లేదు."

కాదు అనాలి. ఆ దుమ్ము నాకు కొత్త కాదు, దగ్గు కొత్తది. బ్యాగులో కాగితం ఉంది. రేడియేషన్ అయిన ఆరో వారంలో వచ్చిందని లెక్క కూడా నాకు తెలుసు. కానీ దుమ్మయితే ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు, సాక్ష్యం చెడదు. అందుకని, "ఏమో అండీ, అయ్యుండొచ్చు" అన్నాను.

మర్నాటి నుంచి ఆయన ఇంటి వెనక కుళాయి దగ్గరే బట్టలు విప్పి, అక్కడే నీళ్ళు పోసుకుని లోపలికి రావడం మొదలుపెట్టాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఫిబ్రవరి పొద్దుట చన్నీళ్ళు. తన బట్టలు నా చీరలతో కలవకుండా వేరే తొట్టి కొనుక్కుని తనే ఉతుక్కున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ కాఫీ కలిపేదాన్ని. వణుకుతూ తల తుడుచుకుంటున్న మనిషిని చూస్తూ కూడా నోరు విప్పలేదు. నా జబ్బు మొత్తంలో నేను సిగ్గుపడేది ఈ ఒక్కదానికే.

మార్చి మధ్య

పదో తరగతి పరీక్షల ముందు ఒక సాయంత్రం మా ఆయన తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన ఆఫీసుకు రాసే ప్రతి కాగితం నేనే రాస్తాను. సెలవు చీటీ దగ్గర్నుంచి.

"ప్యాకింగ్ నించి కాటా దగ్గరికి మార్చమని రాయి. అక్కడైతే గాజు గదిలో కూర్చోవచ్చు, దుమ్ముండదు."

"మీ సెక్షన్ వదిలేస్తారా?"

"వదిలేస్తా. ఏం పోయింది?"

ఏం పోతుందో నాకు తెలుసు. ఆ సెక్షన్లో పనివాళ్ళంతా ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు. ఎవరింట పెళ్ళయినా మొదటి శుభలేఖ మాకే వస్తుంది. బస్తా కుట్టు చూసి ఎవరు కుట్టారో చెప్పగలడు. మాటలు రాని మనిషి అక్కడ మాత్రం కబుర్లు చెబుతాడని వాళ్ళే అంటారు. ఆ మనిషి లారీల బరువు చూసే గదిలో ఒంటరిగా కూర్చుంటానంటున్నాడు.

"గౌరవనీయులైన మేనేజరుగారికి" అని మొదలుపెట్టాను. "నా భార్య అనారోగ్యం దృష్ట్యా" అని రాశాను. "నా బట్టల ద్వారా ఇంటికి చేరుతున్న దుమ్ము కారణంగా ఆమె ఊపిరితిత్తులు" దాకా వచ్చాను. అక్కడ పెన్ను ఆగిపోయింది. దగ్గు వచ్చింది. ఈసారి ఆపుకోలేదు. చాలాసేపు దగ్గాను.

"ఏమండీ, ఇది దుమ్ము కాదు" అన్నాను.

 నేను లేచి బ్యాగులోంచి ఆసుపత్రి కాగితం తీసి ఇచ్చాను. మడతలు విప్పి నెమ్మదిగా చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఎన్నాళ్ళ నించి తెలుసు?"

"అనుమానం... మొదటి వారం నించి."

నేను సగం రాసిన ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున్నే బస్సుకెళ్దాం" అని మాత్రం అన్నాడు. అరిస్తే బాగుండేది అనిపించింది.

విజయవాడలో మా రేడియేషన్ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నా పాత విద్యార్థినుల ఈడు. దగ్గు ఎన్నాళ్ళుగా అని అడిగింది. "ఏడు వారాలండి" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి నా వంక చూసిన చూపు నాకు బాగా తెలుసు. హోమ్‌వర్కు చేయనివాడిని నేను చూసే చూపు అది. స్కాన్ తీయించింది. మధ్యాహ్నానికి ఇద్దరినీ లోపలికి పిలిచి, కంప్యూటరు తెర మా వైపు తిప్పింది.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లగా మబ్బు పట్టినట్టుంది. ఆ తెలుపు ఒకచోట నిటారుగా ఆగిపోయింది, స్కేలు పెట్టి గీసినట్టు. గీతకు అవతల అంతా శుభ్రం.

"చూశారా, రేడియేషన్ ఎంతవరకు పడిందో అంతవరకే వాపు" అంది డాక్టరమ్మ. "ఇది ఇన్ఫెక్షన్ కాదు, ఆ మాత్రలకి తగ్గదు. దుమ్ము అంతకన్నా కాదు. దుమ్మయితే రెండు పక్కలా ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఇలా గీత గీసుకుని కూర్చోదు."

మా ఆయన తెర దగ్గరికి వంగాడు. ఆ గీత మీద వేలు పెట్టబోయి, పెట్టొచ్చో లేదో తెలియక ఆపేశాడు.

"అంటే... నావల్ల కాదాండి?" అన్నాడు.

"మీవల్ల ఎందుకవుతుందండి?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. నేను నేల వంక చూస్తూ కూర్చున్నాను.

నేను టీచరునని తెలిసి డాక్టరమ్మ ఒక కాగితం వెనక బొమ్మ వేసి చెప్పింది. మిషను కిరణం తాకినచోట కాన్సర్ కణాలతో పాటు పక్కనున్న మంచి కణాలు కూడా కొన్ని దెబ్బతింటాయి. పగిలిన కణాల్లోంచి ముక్కలు బయటపడతాయి. ఊపిరితిత్తుల గాలి గదుల్లో కావలి కాసే రక్షణ కణాలు ఉంటాయి. వాటికి కిరణం అంటే తెలియదు. ఆ ముక్కల్ని చూసి, ఏదో శత్రువు చొరబడిందనుకుని రసాయనాలతో కబురు పంపుతాయి. ఆ కబురందుకుని రక్తంలోంచి ఇంకొన్ని కణాలు వస్తాయి. వచ్చినవి ఊరుకోవు, అవి కూడా కబుర్లు పెడతాయి. ఇంకొన్ని వస్తాయి. అన్నీ చేరి వాపు తెస్తాయి.

"కిరణం పడి ఇన్ని వారాలైంది కదా డాక్టర్?"

"కిరణం ఆ క్షణంలోనే పోయిందండి. అది రేపిన కబురే ఇంకా తిరుగుతోంది."

నాకు తెనాలి పిన్ని, ఆవిడ చేతిలో పూలచక్రం గుర్తొచ్చాయి. ఆ గదిలో, ఆ పరిస్థితిలో, నవ్వు వచ్చింది. నవ్వబోతే దగ్గు వచ్చింది. తెల్ల రక్తకణాలు సైనికులు అని ఇరవై రెండేళ్లు బోర్డు మీద రాసి, దాని కింద గీత గీసినదాన్ని. సైనికులేం కాదు, మా చుట్టాలు. ప్రేమతోనే వస్తారు. ఎప్పుడు వెళ్ళాలో తెలియదు.

"మరి ఆ కబురే లేకుండా చేస్తే?" అని అడిగాను, పాఠం మధ్యలో చెయ్యెత్తే పిల్లలా.

"కొన్నిసార్లు కాన్సర్ని పట్టుకోడానికి కూడా ఆ కబురే సాయపడుతుందండి. అందుకని అసలు లేకుండా చేయలేం, హద్దులో పెట్టాలి. ఎవరికి హద్దు దాటుతుందో ముందే చెప్పడం మాకింకా పూర్తిగా తెలీదు. అందుకే దగ్గొస్తే రమ్మని కాగితమిచ్చేది." ఆమె తెర మీద ఆ గీత చూపించింది. "ఇలాగే ఇంకొన్నాళ్ళు వదిలేస్తే అక్కడ మచ్చ కట్టేస్తుంది. కట్టాక ఆ భాగం మళ్ళీ ఊపిరి తీసుకోదు. కొంచెం మొదలైంది కూడా. మిగతాది కాపాడుకుందాం."

కొంచెం మొదలైంది అన్న మాట దగ్గర నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. కాన్సర్ అన్నప్పటి భయం వేరు, అది నేను తెచ్చుకున్నది కాదు. ఈ మచ్చలో మాత్రం నా చెయ్యి ఉంది.

మార్చి చివర నుంచి జూన్ దాకా

స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. నాలుగో రోజుకు దగ్గు సగం తగ్గింది, ఆశ్చర్యపోయాను. ఆ మాత్రలు ఊరికే రావు, వాటి ఇబ్బందులు వాటికున్నాయి. మొహం పూరీలా పొంగింది. ఆకలి ఎంతలా వేసేదంటే మా ఆయన కంచంలోకి కూడా చూసేదాన్ని. చీటికీ మాటికీ కోపం. పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్‌కు వెళ్తే తోటి టీచరు, "బాగా తేరుకున్నారండీ, బుగ్గలొచ్చాయి" అంది. థ్యాంక్స్ చెప్పాను. తగ్గింది కదా అని వీటిని మధ్యలో మానేయకూడదని, మెట్టు మెట్టుగా దించాలని డాక్టరమ్మ నాతో మూడుసార్లు అనిపించింది. నా మీద ఆమెకు నమ్మకం లేదు, ఉండనక్కర్లేదు కూడా.

ఇంట్లో మా ఆయన వేళకు మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. వెనక కుళాయి దగ్గర నీళ్ళు పోసుకోవడం మానేశాడు, అది మాత్రం వెంటనే మానేశాడు. తొమ్మిదో రోజు నేనే ఉండబట్టలేక అడిగాను.

"దగ్గు దాచినందుకు ఎన్నాళ్ళుంటారు ఇలా?"

"దగ్గు దాచినందుకు కాదు." ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "నేను బయట నీళ్ళు పోసుకుంటుంటే కిటికీలోంచి చూసేదానివి కదా. చూస్తా ఊరుకున్నావు చూడు, దానికి."

నేను ఏడ్చాను. తప్పయిపోయిందన్నాను. సంజాయిషీ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి ఏమీ లేదు. ఆయన అలాగే కూర్చుని నా ఏడుపు అయ్యేదాకా ఆగి, "ఇంకెప్పుడన్నా వస్తే ముందు నా మొహం మీద దగ్గు. తర్వాత గుడి, దేవుడు" అన్నాడు. ఆ సగం రాసిన ఉత్తరం చొక్కాతో పాటే ఉతికేశాడట. ఇప్పటికీ ప్యాకింగ్ సెక్షన్లోనే ఉన్నాడు.

జూన్‌లో తీసిన స్కాన్‌లో తెలుపు చాలావరకు కరిగింది. గీత పక్కన సన్నటి మచ్చ ఒకటి ఉండిపోయింది, ఇక ఉంటుంది. దాంతో హాయిగా బతకొచ్చని డాక్టరమ్మ చెప్పింది. బతుకుతున్నాను.

బడులు తెరిచాక వచ్చిన ఆదివారం, ఎవరూ అడక్కుండానే సాక్ష్యానికి లేచాను. జనం ముందే "స్తోత్రం" అనేశారు, ఇంకో మంచి కబురనుకుని.

"జనవరిలో ఇక్కడ నిలబడి నా ఒంట్లో ఏ రోగమూ లేదన్నాను" అని మొదలుపెట్టాను. "అది నాకు తెలిసి అన్న మాట కాదు, ఊపులో అన్నది. ఆ నెలలోనే దగ్గు మొదలైంది. మీరంతా ఏమనుకుంటారో అని ఏడు వారాలు దాచాను. మందు వేసుకుంటే పోయేదాన్ని మచ్చ కట్టేదాకా తెచ్చుకున్నాను. నా భర్తను ఊరికే నేరస్తుణ్ణి చేశాను. దేవుడు నన్ను బాగు చేయలేదని అనడం లేదు. బాగు చేస్తున్నాడు, మాత్రలతో. మీలో ఎవరికైనా దగ్గొస్తే, సాక్ష్యం చెప్పినవాళ్ళకైనా సరే, దగ్గండి. వెళ్ళి చూపించుకోండి. దేవుడేం చిన్నబుచ్చుకోడు."

 పాస్టరుగారు కాస్త ఆలస్యంగా "స్తోత్రం" అన్నారు. వెనక నుంచి ఎవరో ఒకరిద్దరు అందుకున్నారు. మా వదిన కూడా ఆ రోజు వచ్చి ఉంది. జీవితంలో మొదటిసారి ఆవిడకు ఏమనాలో తోచలేదు. కూర్చున్నాక ఛాతీ తేలిగ్గా ఉంది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళం చాపలు చుట్టి మూల పెడతాం. ఆ రోజు నా వైపు ఎవరూ రాలేదు, ఒక్కదాన్నే చుడుతున్నాను. ఇక్కడి నుంచి రాస్తున్నది అమ్మగారి అనుమతితోనే. అమ్మగారు వచ్చి నా చాప రెండో కొస పట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. చివరి మనిషి గుమ్మం దాటేదాకా నాతో చాపలు చుట్టారు. తరవాత నా చెయ్యి తీసుకుని, తన పైట కింద, ఎడమవైపు పెట్టించారు.

గట్టిగా తగిలింది. చింతగింజంత కాదు, నిమ్మకాయంత.

"ఎన్నాళ్ళ నించి అమ్మగారూ?"

"మీ కృతజ్ఞత కూడిక ముందు నించి."

 నేను సంపూర్ణ స్వస్థత అంటుంటే ముందు వరసలో కూర్చుని విన్న మనిషి. నా బిర్యానీ తన చేత్తో వడ్డించిన మనిషి.

"అందరూ నా దగ్గరికే వస్తారు కదా ప్రార్థన చేయమని" అన్నారామె. "నేను ఎవరి దగ్గరికెళ్ళాలో తెలీలేదండి. మీకు నయమైంది మందులతో కాదు, ప్రార్థనతోనేనని జనం అనుకుంటుంటే, నేనూ అలాగే నిలబడాలనుకున్నా."

"రేపు సోమవారం" అన్నాను. "మా డాక్టరమ్మ ఉంటది. ఆరున్నర బస్సుకి నేనొస్తా మీతో. అయ్యగారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆమె పైట సర్దుకుని మొహం తుడుచుకున్నారు. గుమ్మంలోంచి బయటికి చూశారు. పాస్టరుగారు ఆవరణలో నిలబడి వెళ్ళేవాళ్ళకు చేతులు కలుపుతున్నారు, ఇంకా పదిమంది దాకా ఉన్నారు.

"నేనే చెప్తా" అన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుతారనుకున్నాను. ఆగలేదు. మెట్లు దిగి, ఆ వరస మధ్యలోంచి నడిచి ఆయన దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని అందరూ వినేలా పిలిచారు.